మళ్ళీ దొరికేవీ, దొరకనివీ

నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నచోట బంగారం ధరా, కందిపప్పు ధరా, పనిమనిషి నాగాలూ అయిపోయాక నాలుగో విషయంగా బ్యాకప్ సంగతి వస్తుందని మా అమ్మతో ఎవరైనా చెప్పివుంటే, "అదేం కూరే?" అని అడిగివుండేది. ఇప్పుడు నిజంగానే వస్తోంది. ఫోను నీళ్ళ బకెట్లో పడి మనవడి అన్నప్రాశన ఫొటోలన్నీ పోగొట్టుకున్న పిన్నిగారు ప్రతి వీధిలోనూ ఒకరున్నారు. ఆవిణ్ణి వెళ్ళి పలకరించి రావటం కూడా ఒక మర్యాద అయిపోయింది. అంచేత ఈ వారం కూరలూ కుట్లూ పక్కనపెట్టి, మా ఇంటి భోషాణం సంగతి చెబుతాను. "మాకెందుకమ్మా ఈ కంప్యూటర్ల గొడవ!" అని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో కంప్యూటరు కన్నా సంసారమే ఎక్కువ.

మా హాల్లో టీవీ కింద నల్లటి పెట్టె ఒకటుంది. దాని అసలు పేరు హోమ్ మీడియా సర్వరు. మేం మాత్రం భోషాణం అంటాం. పూర్వం మా అత్తయ్యగారి పుట్టింట్లో ఇత్తడి సామానూ, పట్టుచీరలూ, దస్తావేజులూ అన్నీ ఒకే భోషాణంలో వుండేవిట. ఇదీ అంతే. లోపల నాలుగు డిస్కులు, వాటినిండా మా ఇంటి సరుకు. హాల్లో మావారు పాత సినిమా అడిగినా, వంటింట్లో నేను భక్తిపాటలు అడిగినా, సెలవులకొచ్చిన మనవరాలు కార్టూన్లు అడిగినా ముగ్గురికీ ఒకేసారి అందిస్తుంది. సర్వరు అంటే వడ్డించేదనే కదా అర్థం! ఈ ఇంట్లో నేను కాకుండా వడ్డించేది అదొక్కటే కాబట్టి నాకు దానిమీద కాస్త అభిమానం కూడాను.

ఆ సరుకంతా కలిపి ఎనిమిది టెరాబైట్లు. టెరాబైటు అంటే వెయ్యి గిగాబైట్లు, గిగాబైటు అంటే వెయ్యి మెగాబైట్లు. మన ఫోనుతో తీసిన ఫొటో ఒకటి నాలుగు మెగాబైట్లనుకుంటే, ఇరవై లక్షల ఫొటోలు పట్టేంత చోటన్నమాట. మావారు రిటైరయ్యాక చేసిన సేకరణ ఇదంతా. కొందరు తోటపని చేస్తారు, కొందరు పేకాడతారు. ఈయన సినిమాలు పోగుచేస్తారు.

అయితే ఆ పెట్టెలో నా ప్రాణం వున్నది సినిమాల్లో కాదు. నలభైరెండు కాసెట్లలో.

మావారు కొత్తగా టేపురికార్డరు కొన్న రోజుల్లో, అంటే 1984 ప్రాంతంలో, అత్తయ్యగారి చేత పాడించీ మాట్లాడించీ కాసెట్లకి ఎక్కించటం మొదలుపెట్టారు. మంగళహారతులు, ఉయ్యాలపాటలు, ఆవకాయ కొలతలు, వియ్యపురాళ్ళ మీద విసుర్లు, ఊళ్ళో వాళ్ళ కథలు. మధ్యలో కుక్కరు కూతలూ, పాలవాడి కేకలూ. అత్తయ్యగారు 2003లో పోయారు. ఆవిడ గొంతు మాత్రం ఆ గోధుమరంగు టేపుల మీద మిగిలింది. కాని టేపు కూడా మనిషిలాంటిదే. 1963లో ఫిలిప్స్ కంపెనీ ఈ చిన్న కాసెట్లు తెచ్చినప్పుడు అదొక వింతట. కాని ఆ టేపుకి పూసిన ఇనుప తుప్పులాంటి పొడిని పట్టివుంచే జిగురు, ఏళ్ళు గడిచేకొద్దీ సడలిపోతుంది. పెళ్ళి వీడియోల సంగతి మరీ అన్యాయం. క్యాసెట్టున్నా ఆడించే యంత్రం లేదు. చిట్టచివరి జపాను కంపెనీ కూడా 2016 జూలైలో వి.సి.ఆర్.ల తయారీ ఆపేసింది.

అంచేత మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజుకో కాసెట్టు చొప్పున కంప్యూటరులోకి ఎక్కించాం. అరవై నిమిషాల కాసెట్టు ఎక్కటానికి అరవై నిమిషాలూ పడుతుంది. అందులో తొందరకి తావులేదు. ఆవిడ మాట్లాడినంతసేపూ మనం కూర్చోవలసిందే. బతికుండగా అలా కూర్చుని విన్న కోడలు ఎక్కడైనా వుంటే చెప్పండి!

సరే, అన్నీ పెట్టెలోకి చేరాయి. పాత కాసెట్లలో కొన్ని ఎక్కిస్తుండగానే తెగాయి. అంటే ఇప్పుడు ఆవిడ గొంతుకి వున్న ఆధారం ఆ పెట్టె ఒక్కటే. "నాలుగు డిస్కులున్నాయి కదమ్మా, ఒకటి పాడైనా మిగతావి మోస్తాయి" అన్నాడు బెంగుళూరు నుంచి మా అబ్బాయి. అది నిజమే. నాలుగు కాళ్ళ మంచానికి ఒక కోడు విరిగినా పడిపోకుండా చేసిన ఏర్పాటు లాంటిది. కాని ఇంటిమీద పిడుగు పడితే నాలుగు కోళ్ళకీ ఒకటే గతి. దొంగ ఎత్తుకుపోయినా అంతే. పొరపాటున ఎవరైనా చెరిపేస్తే నాలుగు డిస్కులూ ఎంతో విధేయంగా ఒకేసారి చెరిపేస్తాయి. దాన్ని బ్యాకప్ అనరు.

బ్యాకప్ అంటే ఏమిటో మా అత్తయ్యగారికి కంప్యూటర్లు రాకముందే తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేలమంది పోయారు. ఆ మాటెత్తితే ఇప్పటికీ కృష్ణాజిల్లా పెద్దవాళ్ళు మాట్లాడుతున్నవాళ్ళు కాస్తా ఒక్క క్షణం ఆగిపోతారు. అత్తయ్యగారి పుట్టిల్లు అవనిగడ్డ వైపు. మనుషులు మేడెక్కి దక్కారు గాని, కింద భోషాణంలోని కాగితాలూ ఫొటోలూ బురదైపోయాయి. ఆవిడ పెళ్ళిఫొటో ఒక్కటి బతికింది. ఎలాగంటారా? స్టూడియోవాడు వేసిన కాపీల్లో ఒకటి రాజమండ్రిలో వాళ్ళ అక్కగారికి పంపారు గనక. ఇప్పుడు మా హాల్లో గోడమీదున్నది ఆ రాజమండ్రి కాపీయే. వాళ్ళమ్మగారి ఫొటోకి మాత్రం అలా రెండో కాపీ లేదు. "మా అమ్మ మొహం నా కళ్ళల్లోనే వుందే, నాతోనే పోతుంది" అని ఓ కాసెట్లో అంటారావిడ. అన్నంతపనీ అయింది.

ఈ కాలపు పెద్దలు దీన్నే సూత్రంగా చెబుతారు. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన సూత్రమది: మూడు కాపీలుండాలి, అవి రెండురకాల సాధనాల మీద వుండాలి, ఒకటి ఇంటికి దూరంగా వుండాలి. చెప్పటానికి ఎంత తేలికో చూడండి.

చెయ్యబోతే మాత్రం మా ప్రాణాలు తోడేసింది. మేడమీది గదిలో ఒక పాత కంప్యూటరుకి పెద్ద డిస్కు తగిలించి, కింద భోషాణం లోనివన్నీ పైకి కాపీ అయ్యేట్టు పెట్టారు మావారు. తెరమీద "ఇంకా ఎనిమిది రోజులు" అని వచ్చింది. పురుడొచ్చిన ఇంట్లోలాగా రోజులు లెక్కపెడుతూ కూర్చున్నాం. ఆరోరోజు కరెంటు పోయింది. మళ్ళీ మొదటికొచ్చింది. "వచ్చేనెల చూద్దాంలే" అన్నారాయన. ఆ వచ్చేనెల నాలుగు నెలలు రాలేదు.

ఇక్కడే అసలు ప్రమాదమంతా వుంది సుమండీ. వేగం పెంచమని గోల పెట్టేది గొప్పకోసం కాదు. ఎనిమిది రోజులు పట్టే పనిని ఏ ఇంట్లోనూ ఎవరూ చెయ్యరు. నిదానమే ప్రధానం అన్నారు గాని, బ్యాకప్ విషయంలో నిదానమంటే ఎగనామమే.

అబ్బాయిని అడిగితే కొత్త పరికరాల జాబితా ఒకటి పంపాడు. కలిపి చూస్తే నా గాజుల జతకి దగ్గరగా వచ్చింది. కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఎవరైనా ముందు కొత్త ట్యాంకు కొంటారా? గొట్టంలో ఏం అడ్డుపడిందో చూస్తారు. నేనూ అదే అన్నాను. ఆదివారం అబ్బాయి ఫోనులో అటుపక్కా, మేమిద్దరం ఇటుపక్కా కూర్చుని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాం.

మొట్టమొదట తీగ. కిందనుంచి మేడమీదికి గోడవెంట పోయిన ఇంటర్నెట్ తీగలో సన్నటి తీగలు ఎనిమిదుంటాయి, రెండేసి చొప్పున మెలిపెట్టిన నాలుగు జతలు. ఎనిమిదీ సరిగా కలిస్తే సెకనుకి వెయ్యి మెగాబిట్లు పోతాయి. అందులో ఒక్కటి తెగితే, చాలాసార్లు రెండు కొసల పెట్టెలూ మాట్లాడుకుని, "సర్లే, నాలుగు తీగలతో సరిపెట్టుకుందాం" అని వంద మెగాబిట్లకి దిగిపోతాయి. ఎవరికీ ఫిర్యాదు చెయ్యవు. పని మానెయ్యవు. మూడుపూటలా తలనొప్పితోనే వంటచేసే ఇల్లాళ్ళలాగా నిశ్శబ్దంగా ఈడ్చుకొస్తుంటాయి. అంచేత ఎవరికీ తెలియదు. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. తీగ కొసన ప్లాస్టిక్ తలకాయలో ఒక సన్నతీగ ఊడి వుంది. నెట్టు అబ్బాయి వచ్చి కొత్త తలకాయ వేసి వెళ్ళాడు. పది నిమిషాల పని.

లెక్క చూడండి. వంద మెగాబిట్లంటే సెకనుకి నికరంగా 11 మెగాబైట్లు. ఎనిమిది టెరాబైట్లకి ఎనిమిదిన్నర రోజులు. వెయ్యి మెగాబిట్లంటే నికరంగా 110. అదే సరుకు ఇరవై గంటల్లో పోతుంది. నా గాజులు నా చేతికే వున్నాయి.

రెండోది ఆవాల గొడవ. వీశెడు గుమ్మడికాయని ఒక చోటునుంచి ఇంకో చోటుకి మార్చటం క్షణం పని. వీశెడు ఆవాల్ని ఒక్కొక్క గింజే ఏరి, పేరు రాసి, వేరే డబ్బాలో వెయ్యమంటే తెల్లవారుతుంది. రెండిటి బరువూ ఒకటే! సినిమా ఒకటి గుమ్మడికాయ. ఆ సినిమాలకి బొమ్మలూ వివరాలూ చూపించటం కోసం సర్వరు తనంత తానే తయారుచేసుకునే చిన్నచిన్న ఫైళ్ళున్నాయి చూశారూ, అవి ఆవాలు. మా పెట్టెలో లెక్కపెడితే అయిదు లక్షలు తేలాయి. డిస్కులో ముల్లు ఒకచోటునుంచి ఇంకోచోటుకి జరగటానికి సెకనులో ఇంచుమించు నూరోవంతు పడుతుంది. ఒక్కో ఫైలుకి రెండు మూడుసార్లు జరగాలి. అయిదు లక్షల ఫైళ్ళకి నాలుగు గంటలు, వట్టి జరగటానికే. తమాషా ఏమిటంటే ఆ బొమ్మలు పోయినా నష్టం లేదు, సర్వరు మళ్ళీ తనే తయారుచేసుకుంటుంది. "ఈ గది జోలికి పోవద్దు" అని బ్యాకప్ ప్రోగ్రాంకి ఒక్కమాట రాసిపెడితే సరి. అలా పారెయ్యటానికి వీల్లేని ఆవాలుంటే, అన్నిటినీ ఒకే మూటగా కట్టి ఆ మూటని మోయించటం మేలు.

మూడోది పిండిని మళ్ళీ విసరటం. మావారు చోటు కలిసొస్తుందని బ్యాకప్‌ని కుదించి దాచే ఏర్పాటు పెట్టారు. ఉత్తరాలకీ లెక్కల కాగితాలకీ అయితే మంచిదే. కాని మన ఫొటోలూ, పాటలూ, సినిమాలూ పుట్టటమే కుదించుకుని పుడతాయి. వాటిని మళ్ళీ కుదించబోతే చోటు మిగలదు సరిగదా, పాత కంప్యూటరు ఆయాసపడుతుంది. తిరగలి తిరుగుతూనే వుంటుంది, పిండి అంతే వుంటుంది. తీసేశాం.

నాలుగోది చెబితే మావారికి కోపం వస్తుంది. అయినా చెబుతాను, ఆయన ఈ పేజీ చదవరు లెండి.

ప్రతిసారీ ఎనిమిది టెరాబైట్లూ మోయవలసిన పనిలేదు, కొత్తగా చేరినవీ, మారినవీ మాత్రమే మోస్తే చాలు. నిన్నటి అంట్లు నిన్ననే తోమేశాం గదా, ఇవాళ మళ్ళీ తోమం. దీనికి పేరున్న ప్రోగ్రాం ఆర్‌సింక్. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరస్ అనే ఇద్దరు తయారుచేసి ఊరికే ఇచ్చారు. అది ముందు ఫైలు పేరూ, పరిమాణమూ, మార్చిన వేళా చూస్తుంది. రెండువైపులా ఒకటే అయితే ముట్టుకోదు. మధ్యలో కరెంటు పోయినా, తిరిగి మొదలుపెట్టినప్పుడు అంతవరకూ చేరినవాటిని దాటి ముందుకు పోతుంది. అలాంటప్పుడు మామూలు రోజు పావుగంట పట్టాలి. మాకు మాత్రం ఒక్కోరాత్రి ఏడేసి గంటలు నడిచేది.

కారణం ఏమిటో తెలుసా? మావారి నామకరణ మహోత్సవాలు! సోమవారం "పాత సినిమాలు" అని వున్న అర కాస్తా బుధవారానికి "నలుపు తెలుపు" అయ్యేది. శుక్రవారానికి నటుల పేరున విడిపోయేది. ఆయన దృష్టిలో అది వట్టి సర్దుబాటు. ఆర్‌సింక్ దృష్టిలో పాత అర మాయమైంది, కొత్త సంసారం ఒకటి వచ్చి దిగింది. మొత్తం మళ్ళీ మోసేది. పాపం, పెళ్ళయి ఇంటిపేరు మారిన పిల్లని గుర్తుపట్టలేని పోస్టుమాన్ లాగా!

"ఏమండీ, ఇహ పేర్లు మార్చకండి" అన్నాను.

"నా పెట్టెలో నేను సర్దుకోకూడదా?" అన్నారు.

చివరికి రాజీకొచ్చాం. కింద పేరు మార్చిన ప్రతిసారీ, ఆ రాత్రి బ్యాకప్ మొదలయ్యేలోగా మేడమీది డిస్కులో కూడా అదే పేరు ఆయనే మార్చిరావాలి. రెండుచోట్లా పేరు ఒకటైతే మోత వుండదు. మెట్లెక్కి వెళ్ళి మార్చాలనేసరికి ఆయనకి ఆ పాతపేర్లే బాగున్నట్టనిపించాయి. మోకాళ్ళ నొప్పుల వల్ల కూడా ఒక్కోసారి మేలు జరుగుతుంది.

ఇంతటితో మాకు రోజువారీ పని పావుగంటకి వచ్చింది. మగవాళ్ళిద్దరూ సంతోషించి ఫోను పెట్టెయ్యబోయారు. నాకు మాత్రం తృప్తి లేదు. ఆ మొదటి ఇరవై గంటల్లో దేనిది మొదటివంతు? కరెంటు పదో గంటకి పోతే అప్పటికి ఏది పైకి చేరుతుంది? ప్రోగ్రాం అక్షరాల వరస ప్రకారం పోతుందిట. దాని లెక్కలో ఎవరో తీసిన సినిమా ముందు, మా అత్తయ్యగారు వెనక.

ఇదేం న్యాయమండీ! ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయంటే ఏ ఇల్లాలైనా అక్షరాల వరసన సామాను మోస్తుందా? మంచాలూ బల్లలూ వదిలేసి పసిపిల్లనీ, కాగితాల పెట్టెనీ, ఫొటోనీ పట్టుకు పరిగెడుతుంది. మళ్ళీ కొనుక్కోగలిగినవి ఏవో, మళ్ళీ దొరకనివి ఏవో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్న మేం ఎనిమిది టెరాబైట్ల ముందు పెట్టాం. ఇది పోతే మళ్ళీ దొరుకుతుందా, దొరకదా?

సినిమాలు మళ్ళీ దొరుకుతాయి. ఆలస్యంగానో, కొంత ఖర్చుతోనో. కార్టూన్లు దొరుకుతాయి. అచ్చయిన పాటలు దొరుకుతాయి. ఒక్కొక్కటీ పక్కకి తీసేస్తూ పోతే, ఎన్నటికీ దొరకనివి ఎంత మిగిలాయో ఊహించండి. ఫొటోలు మూడువందల గిగాబైట్లు. పెళ్ళి వీడియోలూ, పిల్లల బారసాల వీడియోలూ కలిపి వంద. అత్తయ్యగారి నలభైరెండు కాసెట్లూ కలిపి ఇరవైఅయిదు! అంతా కూడితే 425 గిగాబైట్లు. ఎనిమిది వేలలో నాలుగువందల ఇరవైఅయిదు. ఇంటెడు సామానులో ఒక పెట్టెడు.

ఆ పెట్టెడుకీ పట్టే వేళ ఒక గంటా అయిదు నిమిషాలు. అందులో అత్తయ్యగారి వాటా నాలుగు నిమిషాల లోపే. ఆవిడ గంటసేపు చెప్పిన ముచ్చట ఆరు సెకండ్లలో మేడెక్కేస్తుంది. బతికున్నన్నాళ్ళూ ఒక్కో మెట్టుకీ ఆగి ఆయాసపడుతూ ఎక్కిన మనిషి!

అంచేత ఇప్పుడు మా ఇంట్లో రెండు వరసలు. దొరకనివి ప్రతిరాత్రీ ముందుగా పోతాయి. దొరికేవి వాటి వెనక, వీలైనంత. వేగం పెంచటం అంటే పరిగెత్తటం కాదని అప్పుడు నాకు బోధపడింది. మొయ్యక్కర్లేనిది మొయ్యకపోవటం, మోసిందాన్ని మళ్ళీ మొయ్యకపోవటం, ముందు మొయ్యాల్సింది ముందు మొయ్యటం. మన అమ్మమ్మలు ఇంటిపని ఇలాగే కదా చేసుకొచ్చారు!

ఇక మూడో కాపీ, దూరంగా వుండవలసింది. దాన్ని ఎక్కడ పెట్టాలా అని ఆలోచించలేదు. రాజమండ్రిలో మా ఆడపడుచు వుంది. పెళ్ళిఫొటోని కాపాడిన వూరు అది. ఇంటర్నెట్ ద్వారా పంపుదామంటే మా ఇంటినుంచి బయటికి పోయే వేగం సెకనుకి 5 మెగాబైట్లే. 425 గిగాబైట్లకి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అదే ఎనిమిది టెరాబైట్లయితే పద్దెనిమిది రోజుల పైమాట. బెజవాడ నుంచి రాజమండ్రికి రైలు మూడు గంటలు. చేతిసంచీలో పట్టే చిన్న డిస్కు ఒకటి కొని దాన్లోకి ఎక్కించాం. ఇక్కడ రెండు సూక్ష్మాలు గుర్తుపెట్టుకోండి. డిస్కుని వైఫై మీదుగా తిప్పకుండా నేరుగా సర్వరుకే తగిలించాలి. తగిలించే రంధ్రం లోపల నీలంరంగు ప్లాస్టిక్ వున్నదాన్ని చూసి తగిలించాలి. నల్లరంగుది సాధారణంగా పాతకాలపుది. మా పెట్టెకి రెండూ వున్నాయి. నల్లదానిలో మూడుగంటలు దాటిన పని నీలందానిలో గంట చిల్లరలో అయిపోయింది.

ఇంకొక సంగతి. చవకలో దొరికే చిన్న డిస్కుల్లో చాలావాటికి రాత వరసలు పెంకుటింటి కప్పులాగా ఒకదానిమీద ఒకటి కాస్తకాస్త ఎక్కివుంటాయి. చోటు కలిసొస్తుందని అలా చేస్తారు. కొత్తగా నేసేటప్పుడు బాగానే వుంటుంది. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే మాత్రం దానిమీది పెంకులన్నీ ఎత్తాలి. రోజూ చెరిపి రాసే పనికి పెడితే నత్తనడక నడుస్తుంది. ఏడాదికి రెండుసార్లు నింపి అవతల పెట్టేదానికైతే బేషుగ్గా సరిపోతుంది. వస్తువులో తప్పులేదు, పెట్టిన పనిలోనే వుంటుంది.

ఆడపడుచు పండక్కి వచ్చినప్పుడు ఒక డిస్కు తెస్తుంది, రెండోది పట్టుకెళుతుంది. రైల్లో దాన్ని చీరల మధ్య పెట్టుకుంటుందిట. నవ్వకండి. 1998లో అమెరికాలో పిక్సార్ కంపెనీవాళ్ళు "టాయ్ స్టోరీ 2" అనే బొమ్మల సినిమా తీస్తుండగా, పొరపాటున నడిపిన ఒక్క ఆజ్ఞతో ఫైళ్ళు చాలాభాగం చెరిగిపోయాయి. బ్యాకప్ వుంది కదా అనుకున్నారు. తీరా తీసిచూస్తే అది సరిగా పనిచెయ్యటంలేదు. ఆ సినిమాకి పనిచేస్తున్న గాలిన్ సస్మన్ అనే ఆవిడ చంటిపిల్ల తల్లి. ఇంటినుంచే పనిచేసుకోవటానికి వీలుగా సినిమా కాపీ ఒకటి ఇంట్లో కంప్యూటరులో పెట్టుకుంది. ఆ కంప్యూటరుని దుప్పట్లలో చుట్టి కార్లో జాగ్రత్తగా ఆఫీసుకి తెచ్చారు. అంత పెద్ద కంపెనీ పరువు ఒక బాలింత ఇంటి మూలన దొరికింది.

ఆ కథలో నీతి రెండోది కూడా వుంది. బ్యాకప్ తీశామనుకుంటే చాలదు, అది తిరిగొస్తుందో లేదో చూసుకోవాలి. ఊరగాయ జాడీ మూతకట్టి ఏడాది తరవాత విప్పితే బూజు కనిపించటం ఎవరికి తెలియదు? నెలకోసారి మూత తీసి చూడాలి. అన్నీ చూడక్కర్లేదు. కళ్ళుమూసుకుని ఏదో ఒక ఫొటో, ఏదో ఒక కాసెట్టు తీసి, తెరుచుకుంటోందా అని చూస్తే చాలు.

మేడమీద కాపీని ఒకటో తారీకున మావారు చూస్తారు. రాజమండ్రి కాపీని చూసే పని ఆడపడుచుది. సరిచూడటానికి ఒక్క అరనిమిషం వింటే చాలునని ఆవిడకి విడమరచి చెప్పాను. చెప్పినట్టే రెండో తారీకు మధ్యాహ్నం ఫోను చేస్తుంది. "వదినా, ఈసారి పదిహేడో కాసెట్టు తీశాను. బాగానే వుంది" అంటుంది. గొంతు కాస్త బొంగురుగా వుంటుంది. ఎంతసేపు విన్నావని నేనడగను. ఆ కాసెట్టు గంటది. ఫోను వచ్చేసరికి ఎప్పుడూ మూడు దాటుతుంది. రెండింటికి మొదలుపెడుతుందని నాకు తెలుసు.

ఆ ఒక్క పనికీ వేగం పెంచే ఉపాయం వుందేమోనని నేను మా అబ్బాయిని అడగలేదు.